టండ్రాలో విరిగిన ప్రొపెల్లర్

1981 జూలైలో, సన్నీవేల్‌లోని మా లోహ పరీక్షల లాబ్ నన్ను ఉత్తర ధ్రువానికి పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ ఫెయిల్యూర్ ఎనలిస్ట్. విరిగిన వస్తువు ఎందుకు విరిగిందో చెప్పే ఉద్యోగం అది. శవాన్ని చూసి డాక్టర్ చెప్పినట్టు మేం ఇనుమునీ అల్యూమినియాన్నీ చూసి చెబుతాం. ఇరవయ్యారేళ్లుగా ధ్రువపు మంచులో దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉన్న విమానానికి, తెల్ల ఎలుగుబంట్లు చుట్టూ తిరుగుతుండగా, ఒంటరిగా పంచనామా చేసి, దాన్ని కూల్చినదేమిటో తేల్చిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేను. నా తర్వాత ఇంకెవరూ వెళ్లలేదు కాబట్టి ఆఖరివాణ్ణి కూడా నేనే.

పని మా దగ్గరికి వచ్చిన తీరు ముందు చెప్పాలి. అలాస్కా ఉత్తర కొసన టండ్రా ఉంది. చెట్టన్నది మొలవని నేల. పైన జానెడు నాచు, దాని కింద ఎన్నటికీ కరగని మంచుమట్టి. యాభైల్లో ఆ సముద్రం ఒడ్డున రాడార్ స్టేషన్లు కడుతున్నప్పుడు సామాన్లన్నీ విమానాల్లోనే వెళ్లేవి. అలా వెళ్తూ ఒక రెండింజన్ల సరుకు విమానం శీతాకాలంలో మధ్యలోనే దిగిపోయింది. చక్రాల మీద కాదు, పొట్ట మీద. కో-పైలట్ ఛాతీకి దెబ్బ తగిలి మర్నాడు పోయాడు. పైలట్ హార్లన్ రెండు రోజులు ఇంజన్ ఆయిల్ మండించుకుంటూ బతికాడు. మూడో రోజు, పొగ చూసిన ఒక వేటగాడు, అక్కడి ఆదివాసులైన ఇన్యూపియాట్ తెగవాడు, కుక్కల బండి కట్టుకొచ్చి తీసుకెళ్లాడు.

ఎడమ ప్రొపెల్లర్ బ్లేడ్ గాలిలోనే విరిగిందని, విమానమంతా వణికిపోతుంటే ఇంజన్ ఆపేయాల్సి వచ్చిందని, బరువుతో ఎత్తు నిలబెట్టలేకపోయానని హార్లన్ చెప్పాడు. దర్యాప్తు వాళ్లు పగలన్నది లేని ఆ చలికాలంలో టార్చిలైట్లతో వచ్చి గంటసేపు చూసి వెళ్లారు. బ్లేడ్ నేలకు తగిలి విరిగిందని, ఇంజన్‌ని పైలట్ సరిగ్గా వాడలేదని రాశారు. ఆ తర్వాత హార్లన్ విమానం నడపలేదు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో స్కూలు బస్సులు రిపేరు చేస్తూ రిటైరయ్యాడు.

1981లో ప్రభుత్వ శాఖ ఒకటి టండ్రాలో పాత పీపాలూ, తుక్కూ ఏరించడం మొదలుపెట్టింది. ఆ జాబితాలో ఈ విమానమూ ఉంది. ముక్కలు కోసి పట్టుకుపోయేముందు ఎడమ ప్రొపెల్లర్‌ని తెలిసినవాళ్లెవరికైనా ఒక్కసారి చూపించండని హార్లన్ ఆ శాఖకి ఉత్తరం రాశాడు. వాళ్లు సరే అని మా లాబ్‌కి పంపారు. ఒక హెలికాప్టరు, అయిదు గంటలు. తర్వాత తుక్కు వాళ్లు వస్తారు.

మా సెక్షన్ చీఫ్ డాక్టర్ వసుంధర. బాపట్ల ఆవిడ. నాకన్నా ఆరేళ్లు పెద్ద, డిగ్రీల్లో ఒకటి ఎక్కువ, మాటల్లో నాలుగు తక్కువ. బయల్దేరే రోజు నన్ను గదిలోకి పిలిచి, నా సంగతి తెలిసిన మనిషి కాబట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. ముందు ఫోటో, తర్వాత కొలత, తర్వాత చీటీ, ఆ తర్వాతే చెయ్యి. విరిగిన ముఖాన్ని వేలితో ముట్టుకోకూడదు, వేలి ఉప్పు లోహాన్ని తింటుంది. అన్నిటికంటే ముఖ్యం, విరిగిన రెండు ముక్కల్నీ మళ్లీ కలిపి చూడకూడదు. ముఖానికి ముఖం ఆనితే, చదవాల్సిన రాత నలిగిపోతుంది. ఇది మా వృత్తిలో ఓనమాల పాఠం. కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం చెప్పేవాణ్ణి నేనే. అందుకని ఆవిడ చెబుతుంటే కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఇక్కడ నా మొదటి పేరాని కొంచెం సర్దాలి. ధ్రువం అన్నాను. మేం దిగిన చోటు నుంచి అసలు ధ్రువానికి ఇంకా వెయ్యి మైళ్ల పైమాటే. మంచు అన్నాను. జూలై కదా, ఉన్నది నాచూ, బురదా, దోమలూ. గోదావరి లంకల్లో పెరిగినవాణ్ణి, దోమంటే నాకు లెక్కలేదనుకునేవాణ్ణి. అక్కడి దోమలు ఆ అభిప్రాయాన్ని పది నిమిషాల్లో మార్చేశాయి. ఒంటరిగా అన్నది కూడా నిలవదు. హెలికాప్టర్ పైలట్ కాక, తుపాకీ పట్టుకుని జోనా అనే అతను ఉన్నాడు. హార్లన్‌ని కుక్కల బండి మీద తీసుకెళ్లిన వేటగాడి కొడుకు. తన విమానాన్ని ఇంకోసారి చూస్తానని హార్లన్ కూడా వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్నాడు.

ఎలుగుబంట్ల విషయం జోనాని అడిగితే, తెల్లవి సముద్రం దగ్గర ఉంటాయని, ఇది అరవై మైళ్లు లోపలికని, తుపాకీ గోధుమరంగు వాటి కోసమని, అవి కూడా ఈ వారం కనపడలేదని చెప్పాడు. కనపడింది ఉడత. ఫోటో రీలు డబ్బాలో మా ఆవిడ పెట్టిచ్చిన చేగోడీల్ని అది ఒక్కొక్కటే పట్టుకుపోయింది. మిగిలిన రెండూ జోనా తిని, ఉడత తెలివైందే అన్నాడు.

అయితే విమానం గురించి మాత్రం నేనేమీ పెంచడం లేదు. పెంచడానికి చోటు లేదు.

హెలికాప్టర్లోంచి చూస్తే పచ్చటి నేల మీద అది వెండి చేపలా మెరిసింది. ఇరవయ్యారేళ్లు. నిన్న సాయంత్రం దిగినట్టుంది. పొడిచలిలో అల్యూమినియం తుప్పు పట్టదని పుస్తకాల్లో చదువుకున్నాను, పరీక్ష రాశాను, పాఠం కూడా చెప్పాను. చూడటం వేరు. ముక్కు కొంచెం నేలలో దిగి, కుడి రెక్క పైకెత్తి, ఎవరినో వినడానికి తల వంచినట్టు ఉంది. క్యారిబూ దుప్పులు ఏటా దక్షిణానికి వెళ్లే దారి ఒకటి నాచులో కాలువలా అరిగిపోయి ఉంది. ఆ దారి విమానం దాకా తిన్నగా వచ్చి, ముక్కు దగ్గర మర్యాదగా పక్కకి ఒంగి, మళ్లీ తిన్నగా సాగిపోయింది. ఆ జీవాలకి అదొక కొండ అయిపోయింది.

లోపల పిండి బస్తాలు రాళ్లయి ఉన్నాయి. పెట్టెల్లో తోలు బూట్లు కొత్తవి, కాగితం కూడా విప్పలేదు. కిటికీ విరిగిన చోట దుమ్ము చేరి, దుమ్ములో నాచు చేరి, నాచులో వేలి గోరంత ఊదారంగు పూలు పూశాయి. గాలికి లోపలి తీగలు సన్నగా పాడుతున్నాయి. తంబురా శ్రుతిలా ఒకే స్వరం, ఆగకుండా.

హార్లన్ కాక్‌పిట్‌లోకి వెళ్లాడు. నేను ఫోటోల కోసం తోక వెనక నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి నా తలకు పైన కిర్రుమని చప్పుడైంది. చుక్కాని కదిలింది. కొంచెమే, జానెడు ఎడమకి, మళ్లీ జానెడు కుడికి. దాని సందులో గూడు కట్టుకున్న పిట్ట ఒకటి లేచిపోయింది. ముందున్న ముసలాయన కాలితో పెడల్ తొక్కాడు. మధ్యలో ఉన్న యాభై అడుగుల తీగ ఇరవయ్యారేళ్ల తర్వాత ఆ మాట తోక దాకా మోసింది. నా ఉద్యోగం మొత్తం లోహం ఎక్కడ ఓడిపోయిందో వెతకడమే. అది తన పని తాను చేస్తూ ఉండిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత పని మొదలుపెట్టాను. ఎడమ ప్రొపెల్లర్‌కి మూడు బ్లేడ్లు. రెండు వెనక్కి ఒంగిపోయి ఉన్నాయి. మూడోది పైకి తిన్నగా ఉంది, చివరి మూడో వంతు లేదు. తిన్నగా ఉంది కాబట్టి నేలకి తగిలే ముందే విరిగిందని అక్కడికక్కడే అనేయాలనిపిస్తుంది. అనకూడదు. ఆగిపోయిన ప్రొపెల్లర్‌లో పైకి నిలిచిన బ్లేడ్ ఎలాగూ ఒంగదు. విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూశాను. ఇన్నేళ్ల మంచుగాలి దాన్ని వాడిన సబ్బుబిళ్లలా అరగదీసింది. చదవడానికి ఒక్క అక్షరం లేదు.

హార్లన్ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చెప్పాల్సింది తనంతట తానే చెప్పాడు. ఎగిరే ముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి చూసుకోవాలి. కంకర రన్‌వేల మీద రాళ్లు ఎగిరి బ్లేడ్ అంచుకి గాట్లు పెడతాయి. గాటు కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. అందుకని ఆయన ఎంత చలిలోనైనా చేతి తొడుగు తీసి ఒక్కో బ్లేడ్ అంచూ వేలితో తడిమేవాడట.

"ఆ రోజు తొడుగు తీశానో లేదో నాకు గుర్తు లేదు," అన్నాడు. "ఇంజన్ని సరిగ్గా వాడానని నాకు తెలుసు. దాని కోసం మిమ్మల్ని పిలవలేదు. నా వేలికి తెలియాల్సిందేనా అన్నది చెప్పండి చాలు."

అదీ ఆయనకి కావలసింది. పగులు అంచు మీది గాటు దగ్గర మొదలై ఉంటే, ఆ వేలు దాన్ని పట్టుకునేది, కో-పైలట్ బతికేవాడు. రంగు కింద దాక్కున్న తుప్పు గుంటలో మొదలై ఉంటే, ఏ వేలికీ తెలియదు. రెండింటికీ తేడా ఆవగింజంత చోటు, విరిగిన ముఖం మీద, ఒక మూల. అరిగిపోని రెండో ముఖం దొరికితే తప్ప చెప్పలేం. ఆ ముక్క ఎన్ని మైళ్ల అవతల మట్టిలో ఉందో, నాచు కింద ఉందో.

"అది మా నాన్న రాయి," అన్నాడు జోనా.

నాకు అర్థం కాలేదు. దక్షిణాన ఒక గట్టు ఉందని, వాళ్ల నాన్నకి విమానం పడిన తర్వాతి వేసవిలోనే అక్కడ ఒక లోహపు ముక్క దొరికిందని, టండ్రాలో దారి తప్పకుండా ఉండేందుకు దాన్ని దొరికిన చోటే రాళ్ల మధ్య నిలబెట్టాడని, ఊళ్లో వేటగాళ్లందరికీ అదే గుర్తు అని చెప్పాడు. మరి ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎవరూ అడగలేదు," అన్నాడు. ఇన్నేళ్లూ నేను గృహప్రవేశాల్లో చెప్పిన కథలో ఆ ముక్కని నేనే లెక్కలు వేసి, గాలి వాటం చూసి, కనిపెట్టాను. అది కూడా ఇక్కడ కొట్టేస్తున్నాను.

హెలికాప్టర్లో నాలుగు నిమిషాలు. గట్టు మీద రెండడుగుల బ్లేడ్ ముక్క నిటారుగా నిలబడి ఉంది, చుట్టూ రాళ్లు. విమానం వచ్చిన దారిలోనే, దిగిన చోటికి చాలా ముందు. అంటే అది గాలిలోనే ఊడింది. హార్లన్ చెప్పింది నిజం. అది తేలడానికి మైక్రోస్కోప్ అక్కర్లేకపోయింది.

పద్ధతి ప్రకారం చేశాను. ఫోటోలు, దిక్సూచి కొలతలు, చీటీ. రాళ్లు ఒక్కొక్కటే తీశాం. విరిగిన కొస కింద ఉంది. జోనా నాన్న ఎంత జాగ్రత్తపరుడో, రాయి తగిలి ఊగకుండా దాని చుట్టూ ఎండిన నాచు దట్టంగా కుక్కాడు. కింద పొడి నేల. ముక్కని తిప్పి ఎండకి పెట్టి భూతద్దం ఆనించాను.

నా ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో అంత అందమైన ముఖం ఇంకొకటి చూడలేదు. లోహం ఒక్క దెబ్బకి విరిగితే ముఖం గరుకుగా, పంచదార చెక్కలా ఉంటుంది. అలసిపోయి విరిగితే నున్నగా ఉంటుంది, దాని మీద సన్నటి వంపు గీతలు ఉంటాయి. ఆటుపోటు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద మిగిలే గీతల్లాంటివి. ఇంజన్ ఆగినప్పుడల్లా పగులు ఆగుతుంది, ఆగిన చోట గీత పడుతుంది. ఒక్కో గీతా ఒక్కో ప్రయాణం. ఆ విమానం ఎన్నిసార్లు ఎగిరిందో, ఎన్నిసార్లు క్షేమంగా దిగిందో, చివరికి ఎంత లోహం మిగిలి ఉండగా ఆ పొద్దున బయల్దేరిందో, ఎవరూ రాయమనకుండానే అది రాసిపెట్టుకుంది. ఇరవయ్యారేళ్లు బోర్లా పెట్టి దాచుకుంది. గీతలన్నీ ఒక మూలకి చిన్నవవుతూ చేరుతున్నాయి. ఆ మూలే పుట్టుక. భూతద్దానికి అంతవరకే కనపడింది. మిగతాది లాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చెప్పాలి.

ముక్కని పొడి ప్లాస్టిక్‌లో చుట్టి విమానం దగ్గరికి తిరిగొచ్చాం. ప్రొపెల్లర్ మీద మిగిలిన మొదలుని రంపంతో కోసుకోవాలి. అప్పుడు జరిగింది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

హార్లన్ నా చేతిలోని మూటని చూశాడు. అది దీనిదేనా, చూపించగలరా అని అడిగాడు. ఆ అడగడంలో ఇరవయ్యారేళ్లున్నాయి. నేను ప్లాస్టిక్ విప్పాను. ముక్కని ఎత్తి మొదలు మీద ఆనించాను. అరిగిన ముఖం, అరగని ముఖం, అయినా రెండూ తాళంలో తాళంచెవిలా కూర్చున్నాయి. కూర్చోవడానికి కొంచెం నొక్కాను. పిసరంత. బ్లేడ్ మళ్లీ పూర్తిగా నిలబడింది. నలుగురం చూశాం. తప్పే. ఓనమాల తప్పు. కానీ ఆ ముసలాయన అడిగిన తీరు చూసి ఉంటే ఎవరైనా చేసేవారు.

వారం తర్వాత సన్నీవేల్‌లో వసుంధరగారు మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. గీతలన్నీ అద్భుతంగా వచ్చాయి. మూలకి వచ్చేసరికి తెర మీద ఒక మెరిసే మచ్చ. నలిగిన లోహం. పుట్టుక ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆవిడ తల తిప్పకుండానే అడిగారు.

"ముక్కలు కలిపి చూశారా, మూర్తిగారూ?"

"లేదండీ. హెలికాప్టర్ కుదుపుకి ఒరుసుకుని ఉంటుంది," అన్నాను.

మా లాబ్‌లో రెండో సంతకం లేకుండా ఏ రిపోర్టూ గుమ్మం దాటదు. మొదటి సంతకం పరీక్షించినవాడిది. రెండోవారు ప్రతి వాక్యానికీ ఆధారం అడిగి, దొరికితే ఉంచుతారు, లేకపోతే కొడతారు. నేను "రవాణాలో దెబ్బతింది" అని రాశాను. రెండో సంతకం పెట్టి తిరిగి వచ్చినప్పుడు "రవాణాలో" అన్న మాట మీద ఎర్ర గీత ఉంది. దాని పైన "సేకరణలో" అని ఆవిడ చేతిరాత. కుదుపుకి ఒరుసుకుంటే గీతలు అటూ ఇటూ పడతాయి. ఒకేసారి ఒకే దిక్కున నొక్కితే వేరుగా ఉంటుంది. ఆవిడకి లోహమే చెప్పేసింది. నేను ఆ మాటని అలాగే టైపు చేయించి పంపాను. ఇద్దరం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

రిపోర్ట్‌లో చివరికి మిగిలింది రెండు వాక్యాలు. బ్లేడ్ గాలిలో, అలసటవల్ల విరిగింది, పైలట్ వాంగ్మూలం దీనితో సరిపోతుంది. పగులు ఎక్కడ మొదలైందో నిర్ధారించలేం, ప్రయాణానికి ముందు తనిఖీలో అది తెలిసేదో కాదో చెప్పలేం. మొదటి వాక్యంతో పాత రికార్డు మారింది. హార్లన్ అడిగింది రెండోదాని గురించి. నేను ఫోన్ చేసి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. థాంక్యూ అని పెట్టేశాడు. మూడేళ్లకి పోయాడని జోనా క్రిస్మస్ కార్డులో రాశాడు.

విమానాన్ని తుక్కు వాళ్లు ఆ ఆగస్టులోనే కోసి తీసుకెళ్లారు. బ్లేడ్ ముక్క మా లాబ్‌కి వచ్చేసింది కాబట్టి గట్టు మీద గుర్తు కూడా లేదు. జోనా వాళ్లు దాని బదులు ఒక పీపా నిలబెట్టారట.

ఈ పనివల్ల నేను నేర్చుకున్నది చిన్నది. ఆధారం ఎదురుగా ఉన్నప్పుడు పరీక్షకుడి చేతులు జేబుల్లో ఉండాలి. పగిలిన ముఖం ఒక్కసారే చదవడానికి వస్తుంది. జాలి మంచిదే కానీ అది పనిముట్టు కాదు. పనిచేసే చోట దాన్ని బయటే విడిచి లోపలికి రావాలి. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు కొత్తవాళ్లకి ఈ పాఠం చెప్పాను. ఎవరి తప్పు నుంచి వచ్చిందో మాత్రం ఇప్పుడే చెబుతున్నాను.

పాత అలవాటు పోక, అచ్చుకి ఇచ్చే ముందు దీన్ని రెండో సంతకానికి పంపాను. వసుంధరగారు ఇప్పుడు పిస్కాటవేలో కూతురి దగ్గర ఉంటున్నారు. పది రోజుల్లో కాగితాలు తిరిగొచ్చాయి. ఎలుగుబంట్ల మీద ఎర్ర గీత ఉంది, నేను కింద ఒప్పుకున్నా సరే. ఉడత మీద లేదు. హార్లన్ అడిగిన పేరా పక్కన మార్జిన్‌లో నాలుగు పంక్తులు ఉన్నాయి. రెండో సంతకం మార్చిన చోట మొదటి సంతకం వాడు చెయ్యి పెట్టకూడదు కాబట్టి అలాగే ఇస్తున్నాను.

"మూర్తిగారూ, హార్లన్ మిమ్మల్ని చూపించమని అడగలేదు. రిపోర్ట్ అందాక నాకు ఉత్తరం రాశాడు, అది నా దగ్గరే ఉంది. 'ఇక్కడ కలపొద్దు, లాబ్‌కి తీసుకెళ్లి చూడండి అన్నాను, మీ మనిషి వినలేదు' అని రాశాడు. అతికిస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది మీకు. సంతకం పెట్టడం లేదు."